గీత దాటితే మొత్తం పోతుంది: 2026 మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్స్ లెక్కలు

హోస్ట్: అందరికీ నమస్తే. అమెరికాలో ఉంటూ, ఉద్యోగం తరఫున హెల్త్ ఇన్సూరెన్స్ లేని మన తెలుగు కుటుంబాల కోసం ఈ ఎపిసోడ్. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు, 65 రాకముందే రిటైరైనవాళ్లు, గ్రీన్ కార్డు మీద అమ్మానాన్నల్ని తెచ్చుకున్నవాళ్లు. ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్‌లో, అంటే సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వేదికలో, ప్లాన్ కొన్నవాళ్లందరిదీ ఈ ఏడాది ఒకటే ప్రశ్న: ప్రీమియం ఒక్కసారిగా ఇంత ఎందుకు పెరిగింది? ఇటు ప్లాన్లూ, అటు ట్యాక్స్ ఫారాలూ రెండూ చూసే అక్క మనతో ఉన్నారు. అక్కా, కంపెనీలు రేట్లు పెంచాయా, ప్రభుత్వం సాయం తీసేసిందా?

అతిథి: రెండూ జరిగాయి. కానీ ఇంటి ఖర్చు మీద పెద్ద దెబ్బ రెండోదే. ఒబామాకేర్ చట్టం 2010లో వచ్చింది, ప్లాన్లు 2014 జనవరి నుంచి మొదలయ్యాయి. మొదటి నుంచీ అందులో ఒక గీత ఉండేది. పేదరిక రేఖకి నాలుగు రెట్లు, అంటే 400 శాతం. ఆదాయం ఆ గీత లోపల ఉంటే సబ్సిడీ, దాటితే సున్నా. 2021లో ఆ గీత తీసేశారు. ఎంత సంపాదించినా బెంచ్‌మార్క్ ప్లాన్‌కి, అంటే సబ్సిడీ లెక్కకి కొలమానంగా పెట్టుకున్న ప్లాన్‌కి, మీ ఆదాయంలో 8.5 శాతం మించి కట్టక్కర్లేదన్నారు. 2022లో దాన్నే 2025 చివరి దాకా పొడిగించారు. 2025 డిసెంబర్ 31తో ఆ గడువు అయిపోయింది. గీత మళ్లీ వచ్చి కూర్చుంది.

హోస్ట్: ఆ గీత డాలర్లలో ఎక్కడుంది?

అతిథి: 2026 కవరేజీకి 2025 పేదరిక రేఖ తీసుకుంటారు. ఒక్కరే ఉంటే 62,600. భార్యాభర్తలిద్దరైతే 84,600. నలుగురుంటే 1,28,600. అలాస్కా, హవాయిలకి లెక్క వేరు, మిగతా దేశమంతా ఇదే.

హోస్ట్: ఒక ఉదాహరణ చెప్పండి. వింటున్నవాళ్లు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటారు.

అతిథి: టెక్సస్‌లో ఇద్దరే ఉన్నారనుకుందాం, ఇద్దరికీ అరవై దాటాయి, చిన్న వ్యాపారం. వాళ్ల కౌంటీలో బెంచ్‌మార్క్ ప్లాన్, అంటే మధ్యరకం సిల్వర్ ప్లాన్లలో రెండో చవకది, ఇద్దరికీ కలిపి నెలకి 2,200 అనుకుందాం. ఆ వయసుకి అది అసాధ్యమైన అంకె కాదు. 21 ఏళ్ల కుర్రాడి రేటుకి మూడు రెట్ల దాకా పెద్దవాళ్ల దగ్గర తీసుకోవచ్చని చట్టమే చెబుతుంది. ఏడాదికి 26,400. వీళ్ల ఆదాయం 84,000 అయితే 2026 నిబంధన ప్రకారం అందులో 9.96 శాతం వీళ్ల వాటా. సుమారు 8,370. మిగతా 18,000 ప్రభుత్వం కడుతుంది. అదే ఆదాయం 84,700 అయిందనుకో, ఆ 18,000 పూర్తిగా పోతుంది. కొంచెం తగ్గడం కాదు, మొత్తం పోతుంది.

హోస్ట్: 700 డాలర్లు ఎక్కువ సంపాదించినందుకు 18,000 నష్టం.

అతిథి: అవును. 2025లో ఇదే 700 తేడాకి వాళ్లు అదనంగా కట్టాల్సింది 60 డాలర్లు. నాకు బాధ కలిగించేది ఇదే. ఆదాయం పెరిగే కొద్దీ సాయం మెల్లగా తగ్గుతూ పోవాలి. ఒక్క మెట్టు మీద మనిషిని కిందికి తోసెయ్యడం చాలా అన్యాయం. అందులోనూ యాభై అయిదు, అరవై ఏళ్ల వాళ్లని. 65 నిండినవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ ఇంకా రాదు, ప్రీమియం అందరికన్నా ఎక్కువ, బీపీ, షుగర్ మందులు రోజూ కావాలి.

హోస్ట్: అక్కా, ఆదాయం అంటే ఇక్కడ ఏది? కంపెనీ ఇచ్చే జీతం ఫారం డబ్ల్యూ-2లో కనిపించేదేనా?

అతిథి: మనవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. ఇది మోడిఫైడ్ ఏజీఐ, అంటే ట్యాక్స్ రిటర్న్‌లో తేలే ఆదాయానికి (ఏజీఐ) ఇంకొన్ని కలిపిన అంకె. జీతం, వ్యాపారంలో మిగిలింది, వడ్డీ, డివిడెండ్లు, షేర్ల లాభం, రిటైర్మెంట్ ఖాతా 401కే నుంచి తీసింది, అన్నీ కలుస్తాయి. ట్యాక్స్ పడని సోషల్ సెక్యూరిటీ భాగం కూడా కలపాలి. ఇండియా ఆదాయం కూడా కలుస్తుంది. ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ, అంటే విదేశంలో సంపాదించింది ఇండియా బ్యాంకులో వేసుకునే డిపాజిట్, తీసుకో. ఇండియాలో దాని మీద పన్ను లేదు, టీడీఎస్ కొయ్యరు, అందుకని దాన్ని ఎక్కడా చూపక్కర్లేదనుకుంటారు. అమెరికాలో అది మామూలు వడ్డీయే. షెడ్యూల్ బిలో చూపాలి. యాభై లక్షల ఎఫ్‌డీ ఏడు శాతం మీద ఉంటే మూడున్నర లక్షల రూపాయలు, అంటే రమారమి 4,000 డాలర్లు. ఇందాకటి దంపతుల వ్యాపారం 82,000 ఇచ్చిందనుకో, అప్లికేషన్‌లో 82,000 అని రాస్తారు. ఏప్రిల్‌లో ఎఫ్‌డీ కలిపేసరికి 86,000. గీత దాటిపోయారు.

హోస్ట్: ఇండియాలో వచ్చే డబ్బు వేసుకునే ఎన్ఆర్ఓ ఖాతాలో అయితే అక్కడే టీడీఎస్ కట్ అవుతుంది కదా, దానికి ఇక్కడ క్రెడిట్ వస్తుందంటారు.

అతిథి: వస్తుంది, కానీ ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ తగ్గించేది పన్నుని, ఆదాయాన్ని కాదు. గీత దగ్గర చూసేది ఆదాయాన్నే. అక్కడ పన్ను కట్టాం కాబట్టి ఇక్కడ లెక్కలోకి రాదనే మాట పూర్తిగా తప్పు. హైదరాబాద్‌లో అద్దె వస్తుంటే ఖర్చులు, తరుగుదల పోగా మిగిలింది కలుస్తుంది. ఊళ్లో ప్లాటు అమ్మితే ఆ లాభమంతా ఆ ఒక్క ఏడాదిలోనే పడుతుంది. మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌లో ఉన్న ఏడాది స్థలం రిజిస్ట్రేషన్ పెట్టుకునే ముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి. వీలుంటే డిసెంబర్ బదులు జనవరికి జరపండి.

హోస్ట్: పొరపాటున దాటితే ఏమవుతుంది?

అతిథి: ఏడాది పొడుగునా ప్రభుత్వం కంపెనీకి నేరుగా కట్టింది అడ్వాన్స్ మాత్రమే. అసలు లెక్క ట్యాక్స్ రిటర్న్‌లో 8962 ఫారంలో తేలుతుంది. ఇదివరకు గీత లోపల ఉన్నవాళ్లు ఆదాయం తక్కువ రాసినా, తిరిగి కట్టేదానికి ఒక పరిమితి ఉండేది. 2025లో వచ్చిన చట్టం 2026 ట్యాక్స్ ఏడాది నుంచి ఆ పరిమితి తీసేసింది. ఇప్పుడు ఎవరైనా సరే, ఎక్కువ తీసుకున్న ప్రతి డాలరూ తిరిగి కట్టాలి. గీత దాటితే అడ్వాన్స్ మొత్తం, ఇందాకటి ఉదాహరణలో 18,000 పైన.

హోస్ట్: తప్పించుకునే దారి ఉందా? చట్టబద్ధంగానే.

అతిథి: ఉంది, చాలామందికి తెలియదు. 2026 జనవరి నుంచి మార్కెట్‌ప్లేస్‌లో ప్రతి బ్రాంజ్ ప్లాన్‌కీ (ప్రీమియం తక్కువ, జేబు ఖర్చు ఎక్కువ ఉండే రకం) హెచ్ఎస్ఏ, అంటే వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా, పెట్టుకోవచ్చు. ఇదివరకు కొన్ని ప్లాన్లకే ఆ వీలుండేది. పరిమితి ఒక్కరికి 4,400, కుటుంబానికి 8,750. 55 దాటితే మనిషికి ఇంకో 1,000, కానీ ఆ వెయ్యి ఎవరిది వాళ్ల సొంత ఖాతాలోనే వెయ్యాలి. హెచ్ఎస్ఏలో వేసింది ఏజీఐ నుంచి నేరుగా తగ్గుతుంది. ఇందాకటి దంపతులు బ్రాంజ్ తీసుకుని ఉంటే, 86,000 నుంచి 1,500 హెచ్ఎస్ఏలో వేస్తే 84,500 అవుతుంది. గీత లోపలికి వచ్చేశారు. తిరిగి కట్టేది ఇక 18,000 కాదు, 82,000కీ 84,500కీ మధ్య తేడాకి పడే సుమారు 250.

హోస్ట్: అది ఎప్పటిలోగా వెయ్యాలి?

అతిథి: అదే దీంట్లో మంచి విషయం. 2026కి 2027 ఏప్రిల్ 15 దాకా వెయ్యొచ్చు. అంటే లెక్కలన్నీ చేతికొచ్చాక కూడా సర్దుకోవచ్చు. ఒక్క షరతు, ఖాతా తెరవకముందు అయిన ఆసుపత్రి బిల్లులకి ఆ డబ్బు వాడకూడదు. అందుకే ప్లాన్ మొదలైన నెలలోనే కొద్ది డబ్బుతో ఖాతా తెరిచిపెట్టండి. సొంతంగా పెట్టుకునే రిటైర్మెంట్ ఖాతా ట్రెడిషనల్ ఐఆర్ఏ కూడా ఇలాగే పనిచేస్తుంది. 50 దాటినవాళ్లకి 2026లో 8,600 దాకా. కాకపోతే సంపాదన ఉండాలి, దంపతుల్లో ఎవరికైనా ఆఫీసు రిటైర్మెంట్ ప్లాన్ ఉంటే తగ్గింపుకి వేరే హద్దులుంటాయి. రాత్ ఐఆర్ఏ ఈ పనికి రాదు, అది ఆదాయాన్ని తగ్గించదు.

హోస్ట్: మరి అందరూ బ్రాంజ్‌కే వెళ్లాలా?

అతిథి: వద్దు, అలా అనుకోవద్దు. ఆదాయం పేదరిక రేఖకి రెండున్నర రెట్ల లోపు ఉంటే, ఇద్దరికి 52,875, సిల్వర్ తప్ప వేరేది చూడకండి. సిల్వర్‌లో మాత్రమే డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మనం కట్టేది), కోపే (ప్రతి విజిట్‌కీ మనం కట్టేది) తగ్గించే రెండో సాయం ఉంది. ఇద్దరున్న ఇంట్లో ఆదాయం 42,300 లోపు అయితే సిల్వర్ ప్లాన్ ఖర్చులో కనీసం 87 శాతం భరించే ప్లాన్‌గా మారుతుంది. అది గోల్డ్ కన్నా మేలు. బ్రాంజ్ సగటున భరించేది 60 శాతమే. నెలకి 40 డాలర్లు మిగులుతుందని బ్రాంజ్ తీసుకుని, ఒక్క అపెండిక్స్ ఆపరేషన్‌కి వేలు కట్టినవాళ్లున్నారు. 2026లో ఒక మనిషి జేబు నుంచి కట్టే గరిష్ఠం 10,600, కుటుంబానికి 21,200. 2014లో అది 6,350 ఉండేది.

హోస్ట్: ఇక అమ్మానాన్నల సంగతి. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో వాళ్లని చేర్చరు.

అతిథి: చాలా కంపెనీలు చేర్చవు. మెడికేర్ కావాలంటే 65 నిండాలి, గ్రీన్ కార్డుతో ఇక్కడ వరసగా అయిదేళ్లు ఉండాలి. ఆ అయిదేళ్లకి మార్కెట్‌ప్లేస్ ప్లానే దిక్కు. 65 దాటినా మెడికేర్ అర్హత లేకపోతే కొనుక్కోవచ్చు, పాత జబ్బులున్నాయని కాదనడానికి వీల్లేదు. సబ్సిడీ దగ్గరే చిక్కు. కొడుకు రిటర్న్‌లో డిపెండెంట్లుగా ఉంటే కుటుంబం పెద్దదవుతుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న, ఆరుగురికి గీత 1,72,600. కానీ లెక్కలోకి వచ్చేది కొడుకు, కోడలి ఆదాయం. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే దాటేస్తారు.

హోస్ట్: అమ్మానాన్న వేరుగా ఫైల్ చేస్తే?

అతిథి: ఇదివరకు ఆ దారి ఉండేది. కొత్తగా వచ్చిన గ్రీన్ కార్డువాళ్లకి అయిదేళ్ల నిబంధన వల్ల తక్కువ ఆదాయం వాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికెయిడ్ రాకపోతే, ఆదాయం పేదరిక రేఖలో 100 శాతం కన్నా తక్కువున్నా సబ్సిడీ ఇచ్చేవాళ్లు. 2026 జనవరి నుంచి అది ఆపేశారు. ఇప్పుడు వాళ్ల సొంత ఆదాయం ఇద్దరికి కనీసం 21,150 ఉండాలి, పైగా వాళ్లు కొడుక్కి డిపెండెంట్లు కాగలిగే పరిస్థితిలో ఉండకూడదు. ఊళ్లో పెన్షన్, అద్దె, ఎఫ్‌డీ వడ్డీ కలిపి అంత వచ్చేవాళ్లకి కుదరొచ్చు. ఇక్కడ ఎఫ్‌డీ వడ్డీ కాపాడుతుంది చూడండి. లేనివాళ్లు పూర్తి ప్రీమియం కట్టాలి. ఇంకొకటి, 2027 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్లకి సబ్సిడీ ఉండదు. ప్లాన్ కొనొచ్చు, సాయం రాదు.

హోస్ట్: కొందరు విజిటర్ ఇన్సూరెన్స్‌తో నెట్టుకొస్తారు.

అతిథి: అది చవక. కానీ షుగర్, గుండె జబ్బు లాంటి పాతవాటికి మామూలు చికిత్స రాదు. హఠాత్తుగా ముదిరితే మాత్రమే, అదీ ఒక హద్దు దాకా. గ్రీన్ కార్డు మీద స్థిరపడ్డ పెద్దవాళ్లకి అది చాలదు.

హోస్ట్: ప్లాన్ ఉన్నా బిల్లులు వస్తున్నాయనేది ఇంకో ఫిర్యాదు. ఏడాదికోసారి చెకప్ ఉచితమంటారు, తర్వాత 180 డాలర్ల బిల్లు వస్తుంది.

అతిథి: చెకప్‌కి వెళ్లి, మాటల్లో "మోకాలు నొప్పిగా ఉందండీ" అంటాం. డాక్టర్ మోకాలు నొక్కి చూస్తారు, ఎక్స్‌రే రాస్తారు. క్లినిక్ రెండు కోడ్లు వేస్తుంది. ఒకటి ప్రివెంటివ్ విజిట్, దానికి సున్నా. రెండోది 99213, జబ్బు చూసినందుకు, పక్కన 25 అనే మాడిఫయర్, అంటే అదే రోజు వేరే సేవ కూడా చేశామని చెప్పే గుర్తు. ఆ రెండోది డిడక్టిబుల్‌లో పడుతుంది. నొప్పి దాచమని నేను చెప్పను. ముందే అడగండి, "ఇది వేరే విజిట్‌గా బిల్ చేస్తారా?" అని. బిల్లు వస్తే ఇన్సూరెన్స్ పంపిన ఈఓబీ (దేనికి ఎంత కట్టారో చెప్పే వివరణ పత్రం) పక్కన పెట్టి, లైన్ బై లైన్ చూడండి. ఈఓబీ బిల్లు కాదు, దాన్ని చూసి డబ్బు కట్టకండి. చెకప్‌లో ఏ కొత్త సమస్యా మాట్లాడకపోయినా రెండో కోడ్ ఉంటే క్లినిక్ బిల్లింగ్‌కి ఫోన్ చేసి కోడ్ రివ్యూ అడగండి.

హోస్ట్: క్లెయిమ్ కొట్టేస్తే?

అతిథి: ఉత్తరం అందిన రోజు నుంచి 180 రోజుల్లో అప్పీల్ పెట్టాలి. అయిపోయిన చికిత్సకైతే 60 రోజుల్లో, ఇంకా చెయ్యని చికిత్సకైతే 30 రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో కంపెనీ చెప్పాలి. చికిత్స అవసరమా కాదా అనే వైద్యపరమైన గొడవ అయితే, మళ్లీ కాదన్నా నాలుగు నెలల్లో బయటి సమీక్ష అడగొచ్చు. దాని తీర్పుకి కంపెనీ కట్టుబడాలి. అప్పీల్‌లో కోపం రాయకండి. కాదన్న కారణం ఏ వాక్యంలో ఉందో ఆ వాక్యం ఎత్తిరాసి, దానికి డాక్టర్ ఉత్తరం జత చెయ్యండి.

హోస్ట్: ఇప్పుడు ప్లాన్‌లో ఉన్నవాళ్లు ఈ వారం చెయ్యాల్సిన పని ఏమిటి?

అతిథి: మార్కెట్‌ప్లేస్ ఖాతాలో లాగిన్ అయి, మీరు రాసిన ఆదాయం అంకె చూడండి. జనవరి నుంచి ఇప్పటిదాకా వచ్చింది, ఇండియా వడ్డీతో సహా కూడి, డిసెంబర్ దాకా ఎంతవుతుందో పోల్చండి. తేడా ఉంటే అక్కడే మార్చండి, వచ్చే నెల నుంచి అడ్వాన్స్ సరవుతుంది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్లు రాష్ట్రం సొంత సైట్‌లో చూడాలి. న్యూజెర్సీలో గీత దాటినా రాష్ట్రం ఇచ్చే సాయం కొంత ఉంది. ఆ రెండు రాష్ట్రాల్లోనూ ఇన్సూరెన్స్ లేకపోతే జరిమానా కూడా ఉంది, కాబట్టి కోపంతో ప్లాన్ వదిలెయ్యకండి.

హోస్ట్: జనవరిలో వచ్చే కాగితం గురించి ఒక్క మాట.

అతిథి: 1095-ఏ. మూడు కాలమ్‌లుంటాయి. ఏ అంటే మీ ప్రీమియం, బి అంటే బెంచ్‌మార్క్ ప్లాన్ ధర, సి అంటే అడ్వాన్స్. బి కాలమ్ ఖాళీగా లేదా సున్నాగా ఉంటే అలాగే ఫైల్ చెయ్యకండి. సబ్సిడీ లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. ఫెడరల్ సైట్‌లో పిన్‌కోడ్, వయసులు ఇచ్చి ఆ ధర తెలుసుకునే టూల్ ఉంది. నెలనెలా విలువ తీసుకుని 8962లో వెయ్యండి.

హోస్ట్: థాంక్యూ అక్కా. వచ్చే ఎపిసోడ్‌లో ఉద్యోగం పోయినప్పుడు కోబ్రానా (పాత ఆఫీసు ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించడం), మార్కెట్‌ప్లేసా అనేది, ఆ 60 రోజుల గడువు సంగతి మాట్లాడుకుందాం.