జీ మీట మీద నుంచి చెయ్యి తియ్యండి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. పేరుపేరునా తలుచుకుంటే భోజనాల వేళ దాటుతుంది, క్షమించాలి. నాకిచ్చిన అంశం పవర్ ఎలక్ట్రానిక్స్ భవిష్యత్తు. దాని సంగతి తర్వాత. పొద్దున బయట హాల్లో మీ ప్రాజెక్టు ప్రింట్లు చూశాను, కంప్యూటర్లో సర్క్యూట్ నడిపి తీసిన సిమ్యులేషన్ ప్రింట్లు. అప్పట్నుంచీ కడుపు మండుతోంది.

హాఫ్ బ్రిడ్జి. అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు మాస్‌ఫెట్ స్విచ్‌లు, ఆ రెంటి మధ్య నుంచి లోడుకి తీగ. వాటి గేట్లను, అంటే ఆన్ ఆఫ్ చేసే కాళ్లను, నడిపే ఐఆర్2110 డ్రైవరు చిప్పు, 325 వోల్టుల డీసీ. పై మాస్‌ఫెట్ గేటు దగ్గర 12 వోల్టుల పల్సులు, గీత గీసినట్టున్నాయి. తీరా చూస్తే దాని సోర్సుకి, అంటే లోడు తగిలే కాలికి, గ్రౌండ్ గుర్తు తగిలించి ఉంది! ఇక లోడుకేం వస్తుంది? సున్నా. పైది ఆన్ అయినప్పుడల్లా 325 వోల్టులూ దాని నెత్తినే. సిమ్యులేషన్ కాబట్టి ఫ్యూజు పోలేదు, పొగ రాలేదు.

"ఎందుకు పెట్టావమ్మా?" అన్నాను. "సింగ్యులర్ మ్యాట్రిక్స్ అని ఎర్రర్ వచ్చింది సార్, గ్రౌండ్ పెడితే పోయింది." పోతుంది తల్లీ. దాంతోపాటు సర్క్యూటూ పోతుంది.

1973లో బర్క్‌లీలో స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ ప్రోగ్రాము పుట్టినప్పట్నుంచీ లెక్క ఒకటే. వోల్టేజీలన్నీ సున్నా నోడు నుంచే, అంటే గ్రౌండ్ అనే కలయిక బిందువు నుంచే, కొలుస్తుంది. ప్రతి నోడుకూ అక్కడికి ఒక డీసీ దారి ఉండాలి. కెపాసిటరు దారి కాదు, ట్రాన్స్‌ఫార్మరు రెండు చుట్లకూ మధ్య అసలే లేదు. పల్సులు పుట్టించే పీడబ్ల్యూఎం వైపుకు వేరే గ్రౌండ్ పెట్టి గాల్లో వదిలేశారు, అందుకే ఎర్రర్. ఆ రెండు గ్రౌండ్ల మధ్య ఒక గిగా ఓమ్ రెసిస్టరు వెయ్యండి, చాలు. మీరు వాడే స్పైస్ రకం ఎల్‌టీస్పైస్‌లో జీ మీట నొక్కితే గ్రౌండ్ వస్తుందని, తిరగమోతలో ఆవాల్లా చల్లేస్తారా?

పిల్లల్ని అనీ లాభం లేదు. వైవాకొచ్చే పెద్దమనుషులు తరంగం నున్నగా ఉందా అని చూస్తారు, సర్క్యూట్ పేజీ తిప్పరు. సక్రమంగా చేసిన కుర్రాడి ప్రింటులో గేటు దగ్గర 337 వోల్టులు కనిపిస్తే "ఇదేంటయ్యా, గేటు కాలిపోదూ?" అని మార్కులు కోస్తారు. నా కళ్ల ముందే జరిగింది. ముందు వరసలోని మాస్టార్లూ, కోపం తెచ్చుకోకండి, మీకే చెబుతున్నాను. సోర్సు 325కి లేచింది కాబట్టి గేటు 337కి లేస్తుంది. మాస్‌ఫెట్‌కి కావలసింది ఆ రెంటి తేడా. గేటు మీద క్లిక్ చేసి, వదలకుండా సోర్సు దాకా లాగండి. ఎర్ర ప్రోబు ఇక్కడ, నల్లది అక్కడ. 12కి కాస్త తక్కువ చూపిస్తుంది, పై గేటుకి కరెంటిచ్చే కెపాసిటరుని నింపే బూట్‌స్ట్రాప్ డయోడు తినేది తింటుంది కదా.

అన్నట్టు, ముందు కింది మాస్‌ఫెట్‌ని ఆన్ చెయ్యండి. అప్పుడే పై మాస్‌ఫెట్ సోర్సుకి తగిలే డ్రైవరు వీఎస్ పిన్ను కిందికి దిగి బూట్‌స్ట్రాప్ కెపాసిటరు నిండుతుంది. నిండకపోతే డ్రైవరు పై గేటుని లేపదు. మళ్లీ "గ్రౌండ్ సమస్య సార్" అంటారు.

వెనక ల్యాప్‌టాప్ తెరిచిన బాబూ, నువ్వే. పై గేటుని ట్రాన్స్‌ఫార్మరుతో నడిపితే, దాని చుట్ల మధ్య పది పికోఫారడ్ కెపాసిటరు పెట్టు, అసలు ట్రాన్స్‌ఫార్మరులో అది దాగి ఉంటుంది. సోర్సు నానోసెకనుకు 50 వోల్టుల చొప్పున లేస్తే అందులోంచి అర ఆంపియరు పారుతుంది, అదీ నీ పీడబ్ల్యూఎం గ్రౌండ్‌లోకి. కింది మాస్‌ఫెట్ సోర్సు తీగలో పది నానోహెన్రీలు కూడా వెయ్యి. నానోసెకనుకు ఒక ఆంపియరు మారిందా, పది వోల్టులు అక్కడే. గేటుకిచ్చిన 12లో మిగిలేది రెండు.

భవిష్యత్తు గురించి నా తర్వాత వక్త చెబుతారు. నేను బయట బల్ల దగ్గరుంటాను, సర్క్యూట్ ఫైళ్లు పట్టుకు రండి. ప్రింట్లు వద్దు.