బరంపురంలో మా వేసవి: సున్నం, మేస్త్రి, మధ్యలో తప్తపాణి

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు "వదినా, ఇల్లు ఎంతవరకు వచ్చింది, వీడియో పెట్టు" అని రోజూ మెసేజ్ పెడుతోంది. ఆవిడ కోసమే ఈ వీడియో. పూర్తిగా ఆవిడ కోసమే అంటే అబద్ధం అవుతుంది లెండి. అమెరికాలో మేముండే ఒహాయోలో బాత్రూమ్ టైల్స్ సొంతంగా వేసుకున్న వీడియోకి వచ్చిన వ్యూస్ మా వాడి పుట్టినరోజు వీడియోకి కూడా రాలేదు. ఎవరో గోడకి టైల్ అంటిస్తుంటే కూర్చుని చూసేవాళ్ళు ఇంతమంది ఉన్నారా అనిపించింది.

ఈ వేసవికి మేము బరంపురంలో, మా అత్తగారింట్లో ఉన్నాం. "బరంపురం ఒడిశా కదా, మీరు తెలుగువాళ్ళేనా?" అని కామెంట్లలో అడుగుతున్నారు. తెలుగువాళ్ళమే అండీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రాష్ట్రపతి చేసిన వి.వి. గిరి గారు పుట్టింది ఇక్కడే. ఇచ్ఛాపురం దాటాక ఇంకాసేపు హైవే మీద వస్తే మా ఊరు. మా ఆయన బళ్ళో ఒడియా చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడారు, ఇప్పుడు మా వాడితో ఇంగ్లీషులో పోట్లాడుతున్నారు.

ఇదిగో, ఇది ముందు గది. గోడ చూడండి, ఎలా ఉబ్బిందో. మా మామగారి తాతగారు కట్టించిన ఇల్లు. ఇటుక, గానుగ సున్నం, పైన టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి వేసిన మద్రాస్ టెర్రస్. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ గోడ బాగా నానిపోయిందట. అప్పుడు మామగారు గట్టిగా ఉంటుందని పైన సిమెంటు పూయించారు. ఆయన పోయారు, సిమెంటు ఇప్పుడు పెచ్చులుగా రాలుతోంది. సున్నం గోడ చెమ్మని పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. మీద సిమెంటు పూస్తే ఆ చెమ్మకి దారి ఉండదు. లోపలే ఉండిపోయి, ఉప్పుతో సహా పెచ్చుని బయటికి తోస్తుంది. ఇదంతా నాకు చెప్పింది మేస్త్రి. ఆయనకి అరవై దాటి ఉంటాయి. సిమెంటు మొత్తం చెక్కించి, ఊరబెట్టిన సున్నంలో ఇసుక, ఇటుక పొడి కలిపి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి పూస్తున్నారు. గదంతా బెల్లం పాకం వాసన. చీమలు కూడా వచ్చేశాయి.

అసలు సంగతి ఇక్కడ మొదలైంది. మా ఆయన ఒహాయో నుంచి చేతి తొడుగులు, ముసుగు, కళ్ళద్దాలు, కొలతల లేజర్ అన్నీ సూట్‌కేసులో తెచ్చుకున్నారు. అక్కడ మేము ఏ పనికీ మనిషిని పిలవం. పిలిస్తే ఏమవుతుందో చెప్తాను. చిన్నచిన్న రిపేర్లు చేసే అతను గంటకి ఎనభై డాలర్లు అడిగాడు. డాలరు 85 వేసుకోండి, 6,800 రూపాయలు. ఇక్కడ మేస్త్రికి మేము ఇచ్చేది రోజుకి 900. అక్కడి ఒక గంట డబ్బు పెడితే ఇక్కడ వారం రోజుల పని అయిపోయి, టీలకి కూడా మిగులుతుంది. బాత్రూమ్‌కి అయితే తొమ్మిది వేల డాలర్ల కొటేషన్ ఇచ్చారు. ఏడు లక్షల అరవై ఐదు వేలు! అది విన్న రాత్రే మా ఆయన టైల్స్ కోసే మెషిన్ అద్దెకి తెచ్చేశారు.

అలవాటైన చెయ్యి కదా, ఇక్కడ కూడా తాపీ పట్టుకున్నారు. ఇంకేముంది, పని ఆగిపోయింది. మేస్త్రి చేతులు కట్టుకుని పక్కకి జరిగి నిలబడ్డాడు. "బాబూ, మీరలా కుర్చీలో కూకోండి. మా పనిలో ఏటి లోటు కనిపించింది?" అన్నాడు. లోటు కాదు, సరదాకి అంటే ఆయనకి ఎక్కలేదు. ఎదురింటి పిన్నిగారు అరుగు మీదకి వచ్చి మా అత్తగారితో "అమెరికాలో ఉద్యోగం బాగానే ఉందా అబ్బాయికి?" అని మెల్లగా అడిగారు. మా అత్తగారికి తల కొట్టేసినట్టయింది. లోపలికి వచ్చి, "కూలికి డబ్బుల్లేక నువ్వే పూస్తున్నావని వీధి వీధంతా అనుకుంటారు, ఆ తాపీ కింద పెట్టు" అన్నారు.

ఒహాయోలో ఇదే మనిషి డెక్‌కి రంగు వేస్తుంటే, పక్కింటాయన కంచె దగ్గరికి వచ్చి మెచ్చుకుని వెళ్ళాడు. ఆ ఒక్క మాటకి మా ఆయన వారమంతా హుషారుగా ఉన్నారు. నిజం చెప్పాలంటే ఆ వారంలో మాతో ఎదురుగా నిలబడి మాట్లాడింది ఆయనొక్కడే. మిగతా సలహాలన్నీ ఫోన్ లోపలి నుంచి వచ్చినవే.

డెక్ అంటే ఇంటి వెనక చెక్కతో కట్టిన అరుగు. దానికి ఏ రంగు వేయాలో మా కాలనీ సంఘాన్ని అడగాలి. వాళ్ళు ఒప్పుకున్న షేడ్స్‌లోనే మనం ఎంచుకోవాలి. ఫారం నింపాలి, నమూనా పెట్టాలి, జవాబు కోసం చూడాలి. ఇది మా అత్తగారికి చెప్తే ఎంతసేపు నవ్వారో. "మన ఇంటికి మనం రంగేసుకోడానికి ఎవుడి పర్మిషనే?" అక్కడి గోడల గురించి కూడా చెప్పాను ఆవిడకి. అక్కడి గోడంటే పదహారు అంగుళాలకి ఒక కర్ర, దాని మీద అరంగుళం జిప్సం అట్ట. బరువైన ఫోటో తగిలించాలంటే లోపల కర్ర ఎక్కడుందో వెతికే పరికరం ఒకటి కొనాలి. మామగారి ఫోటో అక్కడ తగిలించినప్పుడు దానితో గోడంతా తడిమాం. ఇక్కడ అదే సైజు ఫోటోకి మేకు కొడితే మేకు వంకరపోయింది. ఆవిడ గర్వంగా గోడ మీద చెయ్యి వేసి "ఇదీ గోడంటే" అన్నారు. రాలుతున్న గోడే అనుకోండి.

తర్వాత మేస్త్రిని అడిగారు, ఈ సున్నం ఎన్నేళ్ళుంటుందని. "మీ మనవడి పెళ్ళి దాకా చూసుకోనక్కర్లేదమ్మా" అన్నాడు. "ఆ పెళ్ళి ఈ ఇంట్లో జరిగితే కదా" అన్నారు ఆవిడ. ఆ ముక్క ఎడిటింగ్‌లో తీసేద్దామనుకున్నాను. మా ఆయన ఉంచమన్నారు.

సరే, సున్నం పూత ఆరాలి, తొందరపడితే పగుళ్ళొస్తాయి. ఆ ఖాళీలో మా తిరుగుళ్ళు. ఒహాయో నుంచి నయాగరా వెళ్తే ఆరు గంటల డ్రైవ్, ముగ్గురం, ముగ్గురికీ ఇయర్‌ఫోన్లు, హోటల్ రాత్రికి 180 డాలర్లు, అంటే 15,300. ఇక్కడ బొలెరోలో అత్తగారు, చిన్నత్తగారు, ఆవిడ కోడలు, పిల్లలు, పులిహోర డబ్బా, మజ్జిగ క్యాను. ఉదయం ఆరింటికి బయల్దేరదాం అనుకున్నాం. పూరీలోకి ఉప్మా తినకుండా ఊరు దాటేది లేదని మా ఆయన బండి ఆపించారు. అవును, పూరీలో ఉప్మా! బరంపురం టిఫిను అదే. విజయవాడ వాళ్ళు ముఖం చిట్లించకండి, ఒకసారి తిని మాట్లాడండి. అక్కడ పక్క బెంచీలో మా ఆయన స్కూలు స్నేహితుడు కనిపించాడు. ఆయన పెద్ద బజారులో చీర చూపిస్తానన్నాడు. బరంపురం పట్టు అంటే అంచులో గుడి గోపురాల వరస ఉంటుంది, ఆ అంచు చూశాక ఏ ఆడమనిషి లేచి వస్తుంది చెప్పండి? ఊరు దాటేసరికి పదకొండు.

దిగపహండి మీదుగా తప్తపాణి. ఘాట్ రోడ్డు, అడవి, పైన వేడినీళ్ళ బుగ్గ. గంధకం వాసన వస్తుంది. మా వాడు ఉడికిన గుడ్డు వాసనని ముక్కు మూసుకుంటే, చిన్నత్తగారు మోకాళ్ళ మీద ఆ నీళ్ళు పోసుకుని కదలనంటే కదలనన్నారు. అక్కడి నుంచి ఇంకా ముందుకి వెళ్తే చంద్రగిరి, గజపతి జిల్లా. టిబెట్ నుంచి వచ్చినవాళ్ళకి 1963లో ఇక్కడ నివాసం ఇచ్చారు. జిరంగ్‌లో వాళ్ళ పెద్ద బౌద్ధ విహారం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో ఆ బంగారు కప్పు. ఒక టిబెటన్ పెద్దావిడ మాకు స్వెట్టర్లు చూపిస్తూ ఒడియాలో బేరమాడింది. ఊరు వదిలి ఎన్నాళ్ళయిందని మా ఆయన అడిగారు. నేనిక్కడే పుట్టాను బాబూ అంది. దారంతా మా ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. వెనక సీట్లో మాత్రం అంత్యాక్షరి ఆగలేదు.

ఇంకో వారం మా పుట్టిల్లు పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి, ఆ ఊరు 1936లో ఒడిశాలో కలిసినప్పుడు వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా నాన్నగారు ఇప్పటికీ అది నిన్న జరిగినట్టు బాధపడతారు. ఆ రోజు వీడియో వేరే పెడతాను, అందులో మా అమ్మ చేసిన పనసపొట్టు కూర కూడా ఉంది.

ఇప్పుడు ఖర్చు. ముందు గదికి సున్నం, కూలీలు, రంగు అన్నీ కలిపి 38,000 అయింది, అంటే 450 డాలర్లకి కాస్త తక్కువ. మా ఆడపడుచు సగం పంపిస్తానంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

మేడ మీద టెర్రస్ పని మిగిలింది. ఇటుక ముక్కలు సున్నంలో కలిపి పరిచి, ఆడకూలీలు చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టాలి. వానలకి ముందే అవ్వాలి. కానీ జూన్ మధ్యలో రజ పండుగ. మన వైపు ఉండదు కాబట్టి చెప్తున్నాను, ఆ మూడు రోజులు భూదేవికి విశ్రాంతి అని ఒడియా వాళ్ళు నేల తవ్వరు, దున్నరు. ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, ఇళ్ళల్లో పోడొ పిఠా అనే పిండివంట చేసుకుంటారు. కూలీలు ముందుగానే ఊళ్ళకి వెళ్తున్నారు, పండుగ అయ్యాకే వస్తారట. మా టికెట్లు అంతకు ముందే. అందుకని టెర్రస్ వీడియో మా అత్తగారు తీస్తారు. ఫోన్ అడ్డంగా పట్టుకోవడం నేర్పిస్తున్నాం. ప్రస్తుతానికి ఆవిడ తీసిన ప్రతి వీడియోలో బొటనవేలే హీరో. సౌండ్ మాత్రం బాగా వస్తోంది, మేస్త్రిని తిడుతున్నవన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి.