విమ్ నేర్చుకోవాలంటే ముందు ఆ 600 లైన్లు పక్కన పెట్టండి

నమస్తే అండీ. విమ్ ఎడిటర్ నేర్చుకుందామని మొదలుపెట్టి వారంలో వదిలేసినవాళ్ళ కోసం ఈ వీడియో. ఒకప్పుడు నేనూ అలాగే వదిలేశాను. ఎవరిదో విమ్‌ఆర్‌సీ ఫైల్, అంటే విమ్ సెట్టింగ్స్ ఉండే ఫైల్, తెచ్చి పెట్టుకున్నాను. 600 లైన్లు, బోలెడు ప్లగిన్లు. చూడ్డానికి భలే ఉండేది. కానీ ఒక కీ నొక్కితే జరిగింది విమ్ పనో, ప్లగిన్ పనో తెలిసేది కాదు. ఓ రోజు ఆఫీసు సర్వర్‌లోకి లాగిన్ అయితే అక్కడున్నది ఉత్త విమ్. రెండు లైన్లు మార్చడానికి చెమటలు పట్టాయి.

ఆ ఫైల్ తీసేసి ఖాళీ విమ్‌తో కూర్చున్నాకే అసలు సంగతి కనిపించింది. విమ్‌కి ఒక వ్యాకరణం ఉందండీ. డి అంటే తీసెయ్. డబ్ల్యూ అంటే పదం. డి, డబ్ల్యూ కొడితే పదం పోతుంది. డి, డాలర్ కొడితే లైన్ చివరిదాకా పోతుంది. సి అంటే తీసేసి అక్కడే కొత్తది రాయి. సి, ఐ, డబుల్ కోట్ కొట్టండి: కోట్స్ మధ్య ఉన్నది పోయి, టైప్ చేయడానికి చోటు సిద్ధం. మనం 'పదం తీసెయ్' అంటాం, క్రియ చివర. విమ్‌లో క్రియ ముందు. అంతే తేడా. కొత్తగా ఒక మోషన్, అంటే డబ్ల్యూ, డాలర్ లాగా ఎక్కడిదాకా అని చెప్పే కీ, నేర్చుకుంటే, తెలిసిన ప్రతి క్రియతోనూ అది పనిచేస్తుంది.

కర్సర్ కదపడానికి హెచ్, జె, కె, ఎల్ కీలు ఎందుకంటారా? 1976లో బిల్ జాయ్, విమ్‌కి మూలమైన 'వీఐ' ఎడిటర్ రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్ కీబోర్డులో బాణం గుర్తులు ఆ అక్షరాల మీదే ఉండేవి. మొదట్లో బాణం కీలే వాడుకోండి, తప్పేం లేదు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. 8.0 వెర్షన్ నుంచి, మీకు సొంత విమ్‌ఆర్‌సీ లేకపోతే విమ్ తనే డిఫాల్ట్స్ డాట్ విమ్ అనే ఫైల్ చదువుకుంటుంది. మీరు ఖాళీ విమ్‌ఆర్‌సీ సృష్టించారో, అది చదవడం మానేస్తుంది. కోడ్‌కి రంగులు పోయి 'ఏదో పాడుచేశానే' అనిపిస్తుంది. కంగారు పడొద్దు. మీ ఫైల్ మొదట్లోనే ఆ డిఫాల్ట్స్ ఫైల్‌ని సోర్స్ చేయండి, అంటే దాన్నీ చదవమని విమ్‌కి చెప్పండి, స్క్రీన్ మీద ఆ లైన్ చూపిస్తున్నాను.

తర్వాత ఏ లైనైనా, అది లేక ఇబ్బంది పడ్డాకే చేర్చండి. వెతికిన పదం ఎక్కడెక్కడుందో కళ్ళు చికిలించి చూసీ చూసీ విసిగిపోయి, దొరికిన చోటల్లా రంగు వేసి చూపించే 'సెట్ హెచ్‌ఎల్‌సెర్చ్' లైన్ రాసుకున్నాను. ఆ లైన్ ఎందుకుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఇక టెర్మినల్ తెరిచి విమ్‌ట్యూటర్ అని కొట్టండి. అరగంట పాఠం. అది మీకిచ్చేది కాపీ ఫైలే, ఎంత చెరిపినా నష్టం లేదు. మొదటి పాఠం ఇప్పుడే, మీతో పాటు నేనూ చేస్తాను.