ఖాళీ కుర్చీ ఒకటే, కారణాలు మూడు: పర్సనాలిటీ డిజార్డర్లలో రకాలు

[తెరపై: పదిమంది కూర్చుని కబుర్లాడుతున్నారు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీ.]

వాయిస్: పిలిచినా రాని మనిషి సంగతి చూద్దాం. ఒకరికి ఆ కబుర్ల మీద ఆసక్తే లేదు, ఒంటరిగా ఉంటేనే హాయి. ఇది స్కిజాయిడ్ తీరు. ఇంకొకరికి రావాలని చాలా ఉంది, కానీ వస్తే చిన్నచూపు చూస్తారేమోనని భయం. అది అవాయిడెంట్. మూడో మనిషికి అనుమానం: తను అన్న మాటల్ని రేపు తన మీదే వాడుకుంటారని. అది పారనాయిడ్. బయటికి కనిపించేది ఖాళీ కుర్చీ ఒక్కటే. రకం తెలియాలంటే అది ఎందుకు ఖాళీగా ఉందో అడగాలి.

[తెరపై: నాలుగు పదాలు. ఆలోచన, భావోద్వేగం, సంబంధాలు, తొందరపాటు మీద అదుపు.]

ముందు ఒక హద్దు గీసుకోవాలి. సిగ్గు, మొండితనం, కోపం ఉన్నంత మాత్రాన డిజార్డర్ కాదు. తెరపై ఉన్న ఈ నాలుగింటిలో కనీసం రెండు దెబ్బతినాలి. ఆ తీరు టీనేజ్‌లోనో యౌవనం తొలినాళ్లలోనో మొదలై ఏళ్ల తరబడి సాగాలి. ఇంట్లోనూ పనిలోనూ స్నేహాల్లోనూ కనిపించాలి, బతుకుకి అడ్డం పడాలి. గత నెల నుంచే మనిషి మారిపోయాడంటే డిప్రెషన్, మత్తు, థైరాయిడ్ లాంటి వేరే కారణాలు ముందు వెతకాలి.

2013లో వచ్చిన డి.ఎస్.ఎం-5, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ పుస్తకం, పది రకాల్ని మూడు గుంపులుగా పెట్టింది. ‘ఎ’లో పారనాయిడ్, స్కిజాయిడ్, స్కిజోటైపల్ (వింత నమ్మకాలు, వింత తీరు). ‘బి’లో యాంటీసోషల్ (ఇతరుల హక్కుల్ని లెక్కచేయకపోవడం), బోర్డర్‌లైన్ (మూడ్, సంబంధాలు నిలకడగా లేకపోవడం), హిస్ట్రియానిక్ (అందరి దృష్టీ తన మీదే ఉండాలనుకోవడం), నార్సిసిస్టిక్ (తానే గొప్ప అనుకోవడం). ‘సి’లో అవాయిడెంట్, డిపెండెంట్ (ప్రతిదానికీ ఇంకొకరి మీద ఆధారపడటం), అబ్సెసివ్ కంపల్సివ్ (నియమాల మీద అతి పట్టుదల). యాంటీసోషల్ అని 18 ఏళ్లు నిండకుండా నిర్ధారించకూడదు, 15 ఏళ్ల లోపే ప్రవర్తనా సమస్యల ఆనవాళ్లు ఉండాలి.

[తెరపై: రెండు గ్రాఫులు. ఒకటి గంటగంటకూ ఎగిరిపడుతోంది, రెండోది రోజుల తరబడి పైనే ఉంది.]

ఎక్కువగా పొరపాటు జరిగేది బోర్డర్‌లైన్ దగ్గర. దీన్ని బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు దశలుగా వచ్చే జబ్బు) అనుకుంటారు. బోర్డర్‌లైన్‌లో మూడ్ సాధారణంగా కొన్ని గంటల్లోనే తిరగబడుతుంది, దాని వెనక తరచుగా మనుషుల మధ్య జరిగిన ఏదో ఒకటి ఉంటుంది: జవాబు రాని మెసేజ్, మారిన గొంతు. బైపోలార్‌లోని అతి ఉత్సాహపు దశ, మేనియా, మాత్రం కనీసం వారం నిలుస్తుంది, నిద్ర తగ్గినా అలసట ఉండదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు కూడా. పొరబడితే మందులు మార్చుకుంటూ ఏళ్లు గడుస్తాయి, అసలు కావలసిన థెరపీ మొదలే కాదు.

బోర్డర్‌లైన్‌కి తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి. వదిలేస్తారన్న భయం, లోపల ఖాళీతనం, తనను తాను గాయపరచుకోవడం వాటిలో కొన్ని. ఆ గాయాన్ని ‘నాటకం’ అని కొట్టిపారేయడం నిజంగా ప్రమాదం. చనిపోవాలన్న మాట వినిపిస్తే మనిషిని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే అత్యవసర వైద్యానికి తీసుకెళ్లండి.

ఇంకో గందరగోళం పేరు వల్లే వస్తుంది. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్)లో చేతులు కడగమని వేధించే ఆలోచన ఆ మనిషికే అక్కర్లేదు, దాంతో పోరాడతారు. అబ్సెసివ్ కంపల్సివ్ పర్సనాలిటీలో నియమం సరైనదే అనిపిస్తుంది, తప్పంతా పాటించని వాళ్లదిగా కనిపిస్తుంది. తప్పు లేకుండా చేయాలనే పట్టుదలతో పనే పూర్తవదు.

[తెరపై: పది గడులు చెరిగిపోయి, ఒక కొలబద్ద వస్తుంది.]

ఒకే మనిషికి రెండు మూడు రకాలు సరిపోవడం చాలా మామూలు. అందుకే 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ), ఈ రకాల గడులు పక్కనపెట్టి తీవ్రతను కొలుస్తుంది: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ఆ మీదట ఏ స్వభావ లక్షణాలు బలంగా ఉన్నాయో చూస్తుంది. బోర్డర్‌లైన్ తీరును మాత్రం విడిగా గుర్తించే వీలుంచింది. ఈ పద్ధతే మనిషికి దగ్గరగా ఉందని మా అభిప్రాయం.

చికిత్సలో ప్రధానం మాటల థెరపీ. బోర్డర్‌లైన్‌కి డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, భావోద్వేగాల్ని అదుపు చేసుకోవడం నేర్పేది) అయితే వారానికి ఒక వ్యక్తిగత సెషన్, ఒక గ్రూపు శిక్షణ, మధ్యలో అవసరానికి ఫోన్ సాయం. సాధారణంగా ఏడాది పడుతుంది. మందులు తోడుగా వచ్చే డిప్రెషన్, ఆందోళనలకు ఉపయోగపడతాయి.

[తెరపై: నోటుబుక్, నాలుగు నిలువు గడులు.]

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలు రాయండి: ఏం జరిగింది, మనసుకి ఏమనిపించింది, ఎంతసేపు నిలిచింది, అప్పుడు ఏం చేశారు. మూడో గడిలో గంటలా, రోజులా అన్నది తప్పకుండా వేయండి. చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు ఒకరు వెంట ఉంటే, ఈ తీరు ఎప్పుడు మొదలైందో వాళ్లు చెప్పగలరు.