‘షూస్‌లు’ అంటే తప్పా? పిల్లలూ, రెండో భాషా: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో చిన్నపిల్లలకు రెండో భాష గురించి మాట్లాడుకుందాం. మీ సందేహాలకు జవాబు చెప్పడానికి స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మేడమ్, అప్పుడే లైన్లన్నీ నిండిపోయాయి. నేరుగా కాల్స్ తీసుకుందామా?

థెరపిస్ట్: తీసుకుందామండీ. ఉపన్యాసం కంటే అదే నయం.

వ్యాఖ్యాత: హలో, చెప్పండి.

కాలర్ 1 (తల్లి): హలో... నమస్తే అండీ. మా బాబుకి...

వ్యాఖ్యాత: అమ్మా, మీ దగ్గర రేడియో మోగుతున్నట్టుంది. కాస్త సౌండ్ తగ్గించండి.

కాలర్ 1: ఆ, తగ్గించానండీ. మా బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. ఇంట్లో తెలుగు, పగలంతా క్రెష్‌లో ఇంగ్లీషు. రెండూ కలిపేస్తున్నాడు. నిన్న బొమ్మ చూసి ‘డాగ్‌కి షూస్‌లు లేవు’ అన్నాడు. ముందు ఒక భాష బాగా వచ్చాక రెండోది చూడొచ్చు, లేకపోతే బుర్ర గందరగోళమైపోతుందని మా అత్తగారు అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది.

థెరపిస్ట్: (నవ్వు) డాగ్‌కి షూస్‌లు లేవు! చాలా బాగుందమ్మా. ఒకసారి విడదీసి చూడండి. ‘డాగ్’ ఇంగ్లీషు మాట. దానికి తెలుగు ‘కి’ తగిలించాడు, అదీ తగిలించాల్సిన చోటే. చివర్లో ‘లేదు’ అనలేదు, ‘లేవు’ అన్నాడు. ఒకటి కాదు కాబట్టి. గందరగోళం అయితే ఇంత పద్ధతిగా ఉండదు. వాక్యం తెలుగుదే. అందులో తనకు ముందు దొరికిన మాటలు పెట్టుకున్నాడు. ఇక ‘షూస్‌లు’ అంటారా, అది మనలోనూ సగంమంది అంటారు.

కాలర్ 1: అంటే సరిదిద్దక్కర్లేదా?

థెరపిస్ట్: ‘అవును, కుక్కకి బూట్లు లేవు, పాపం కాళ్లు కాలవూ?’ అని మీరు మాట కలపండి, చాలు. తప్పు పట్టినట్టూ ఉండదు, మాటా వాడి చెవిన పడుతుంది. పెద్దవాళ్లు ఎంత కలిపి మాట్లాడితే పిల్లలూ అంత కలుపుతారు. మీరూ ఇప్పుడు ‘టెన్షన్’ అనే కదా అన్నారు! అసలు పుట్టిన నాలుగు రోజులకే పిల్లలు మాటల లయను బట్టి రెండు భాషలకు తేడా పట్టగలరు. ఫ్రాన్స్‌లో పసికందులకు ఫ్రెంచి, రష్యన్ వినిపించి చూశారు. 1988లో వచ్చిన పరిశోధన అది. చెవులు అప్పటికే సిద్ధంగా ఉంటాయి.

కాలర్ 1: ఇంకొక్కటి మేడమ్. పక్కింటి పాపది వీడి వయసే, గలగలా మాట్లాడేస్తుంది. వీడికి మాటలు తక్కువేమో అని...

థెరపిస్ట్: ఎలా లెక్కపెట్టారు? తెలుగు మాటలొక్కటేనా?

కాలర్ 1: ...అవునండీ.

థెరపిస్ట్: రెండూ కలిపి లెక్కపెట్టాలమ్మా. స్పానిష్, ఇంగ్లీషు రెండూ వింటూ పెరిగే పిల్లల మాటలు 1993లో ఇలాగే కూడి చూశారు. మొత్తం చూస్తే ఒకే భాష పిల్లలకు ఏమీ తీసిపోలేదు. విడివిడిగా చూస్తేనే తక్కువగా కనిపిస్తుంది. అయితే ఒక మాట గట్టిగా చెప్తాను, అందరూ వినండి. ఏడాది నిండినా వేలుపెట్టి చూపించకపోయినా, 16 నెలలకు ఏ భాషలోనూ ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లు నిండాక రెండు మాటలు కలిపి చెప్పకపోయినా నిపుణులకు చూపించండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. ‘రెండు భాషలు కదా, అందుకే ఆలస్యం’ అని ఏడాదిపాటు ఆగి వచ్చినవాళ్లను చూశాను. తీరా చూస్తే సమస్య చెవిలో ఉంది. రెండు భాషలు మాటల లోపం తెచ్చిపెట్టవు. ఉన్న లోపాన్ని మాత్రం ఆ సాకు దాచేస్తుంది.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. తర్వాతి కాల్. హలో?

కాలర్ 2 (తాతగారు): హలో! వినిపిస్తోందా అమ్మా?

వ్యాఖ్యాత: వినిపిస్తోందండీ, చెప్పండి.

కాలర్ 2: నా మనవరాలికి మూడేళ్లమ్మా. వాళ్లు పరాయి దేశంలో ఉంటారు. పిల్లకి తెలుగు రావాలని మావాడు రోజూ గంటసేపు తెలుగు వీడియోలు పెడుతున్నాడు. పాటలన్నీ గడగడా పాడేస్తుంది. నాతో మాత్రం తెలుగులో ఒక్క ముక్క మాట్లాడదు. వీడియోల్లో అంత వింటోంది కదా, మరి నోట్లోకి ఎందుకు రావట్లేదు?

థెరపిస్ట్: నమస్కారం తాతగారూ. ఈ ప్రశ్న అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్తా వేసుకున్నారు. అక్కడి తొమ్మిది నెలల పిల్లలకు చైనావాళ్ల మాండరిన్ వినిపించారు. కొందరికి ఎదురుగా మనిషి కూర్చుని బొమ్మలతో ఆడిస్తూ, పుస్తకాలు చదువుతూ మాట్లాడారు. కొందరికి అదే మనిషిని, అవే మాటల్ని టీవీలో చూపించారు. అందరికీ పన్నెండేసి సార్లు. తర్వాత పరీక్షిస్తే, మనిషి దగ్గర విన్న పిల్లలు మాండరిన్ ధ్వనుల తేడా బాగా పట్టారు. టీవీ చూసినవాళ్లకి ఏమీ అంటలేదు. అసలు వినని పిల్లలకూ వాళ్లకూ తేడాయే లేదు. 2003 నాటి మాట ఇది.

కాలర్ 2: అంటే వీడియోలు దండగేనా?

థెరపిస్ట్: మూడేళ్ల పిల్లకు మరీ దండగ అనను, కొన్ని మాటలు పట్టుకుంటుంది. కానీ వీడియో జవాబు చెప్పదు కదండీ. పిల్ల ఇటు చూసినా అటు చూసినా దాని మానాన అది పాడుతుంది. మీ వీడియో కాల్ అలా కాదు. రెండు, రెండున్నరేళ్ల పిల్లలకు కొత్త మాటలు నేర్పి చూసిన పరిశోధన 2014లో వచ్చింది. రికార్డు చేసిన వీడియోలో నేర్చుకోని పిల్లలు, ఎదుటి మనిషి బదులిచ్చే వీడియో కాల్‌లో నేర్చుకున్నారు. కాబట్టి ఆ గంటలో ఇరవై నిమిషాలు...

కాలర్ 2: మరి అసలు నా ఇబ్బంది ఏంటంటేనమ్మా, కాల్‌లో నేను...

వ్యాఖ్యాత: హలో? హలో... లైన్ కట్ అయిందండీ. తాతగారూ, దయచేసి మళ్లీ చేయండి. ఇంకో కాల్ తీసుకుందాం.

కాలర్ 3 (తండ్రి): గుడ్ ఈవినింగ్ మేడమ్. మా అమ్మాయికి ఆరేళ్లు. ఫ్రెంచి క్లాసులో చేర్పిద్దామని. రెండో భాష వస్తే ఐక్యూ పెరుగుతుంది, లెక్కలూ బాగా వస్తాయి అంటారు కదా. ఆరేళ్లంటే ఆలస్యమైందా?

థెరపిస్ట్: ముందు ఐక్యూ సంగతి చూద్దాం. ఒకప్పుడు రెండు భాషలైతే పిల్లలు మందబుద్ధులవుతారని నమ్మేవారు. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో పదేళ్ల పిల్లలను పరీక్షిస్తే, రెండు భాషల పిల్లలే ముందున్నారు. అంతే, లోలకం రెండో వైపుకు వెళ్లింది. ఏకాగ్రత పెరుగుతుందనీ, మెదడు చురుకవుతుందనీ చాలా రాశారు. తర్వాత వందకు పైగా పరిశోధనలను ఒకచోట చేర్చి 2018లో చూసినప్పుడు, పెద్దవాళ్లలో ఆ లాభానికి గట్టి ఆధారం దొరకలేదు. పిల్లల విషయంలో ఇంకా వాదన నడుస్తోంది. అందుకని ఐక్యూ పేరు చెప్పి ఫీజు అడిగేవాళ్లను నేనైతే నమ్మను.

కాలర్ 3: అయితే లాభమేం లేదంటారా?

థెరపిస్ట్: భాష వస్తుందండీ! అది తక్కువ లాభమా? ఇంకొకటి నాకు ఇష్టమైన ప్రయోగం ఉంది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల ముందు మూడు బొమ్మ కార్లు పెట్టారు. పెద్దది, మధ్యరకం, చిన్నది. అవతల కూర్చున్న మనిషికి అన్నిటికంటే చిన్నది అడ్డు వల్ల కనిపించదు. ఆమె ‘నాకు చిన్న కారు కనిపిస్తోంది, దాన్ని జరుపు’ అంటుంది. ఏది జరపాలి?

కాలర్ 3: మధ్యది. ఆవిడకి అదేగా చిన్నది.

థెరపిస్ట్: అదీ. ఒకే భాష మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు సగంమందే సరిగ్గా జరిపారు. రెండు భాషల పిల్లలు నలుగురిలో ముగ్గురు జరిపారు. 2015లో వచ్చింది. చిన్న ప్రయోగమే, దాన్ని పట్టుకుని ఊరేగనక్కర్లేదు. కానీ ఇంట్లో ఎవరికి ఏ భాష వచ్చో రోజూ చూసుకునే పిల్లకు ఎదుటివాళ్ల వైపు నుంచి ఆలోచించడం అలవాటవుతుందంటే నాకు ఆశ్చర్యం లేదు.

వ్యాఖ్యాత: మరి వయసు, మేడమ్?

థెరపిస్ట్: ధ్వనులకు మాత్రం తొందర ఉంది. మనకు ‘త’ వేరు, ‘ట’ వేరు. ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన పిల్లలకు హిందీలోని ఈ రెండు ధ్వనులూ వినిపిస్తే ఆరు నుంచి ఎనిమిది నెలలప్పుడు తేడా పట్టారు. ఏడాది వచ్చేసరికి చాలామందికి ఆ తేడా పోయింది. 1984లో జానెట్ వెర్కర్ బృందం తేల్చిన విషయం. వ్యాకరణానికి మాత్రం అంత తొందర లేదు. ఇంటర్నెట్‌లో దాదాపు 6.7 లక్షల మంది రాసిన ఇంగ్లీషు పరీక్షను 2018లో విశ్లేషిస్తే, వ్యాకరణం పట్టే శక్తి సుమారు 17 ఏళ్ల దాకా నిలిచింది. ఆ భాషలో పుట్టినవాళ్లలా రావాలంటే మాత్రం పదేళ్లలోపు మొదలుపెట్టాలి. కాబట్టి ఆరేళ్లకు ఆలస్యమేం కాలేదు. క్లాసు వారానికి ఎన్ని గంటలు?

కాలర్ 3: వారానికి ఒక గంట మేడమ్.

థెరపిస్ట్: దానికి రంగుల పేర్లూ, నాలుగు పాటలూ వస్తాయి. సరదాకైతే పంపండి. భాష రావాలంటే రోజూ దాంతో పనిపడాలి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. చెప్పండమ్మా.

కాలర్ 4 (తల్లి): మేడమ్, మా పాపకి నాలుగేళ్లు. స్కూల్లో టీచర్ ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమన్నారు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ప్రయత్నిస్తున్నాను. స్కూలు నుంచి వస్తూనే ఏదో చెప్పబోతుంది. ‘టెల్ ఇన్ ఇంగ్లీష్’ అంటాను. ‘నథింగ్’ అని వెళ్లిపోతుంది. మొన్నటి నుంచి అసలు చెప్పడమే మానేసింది.

థెరపిస్ట్: ఎన్నాళ్లయింది?

కాలర్ 4: మూడు నెలలు.

థెరపిస్ట్: ఈ సాయంత్రం నుంచే మానేయండమ్మా. మీకు ‘సిట్ డౌన్’, ‘డోంట్ టచ్’ వచ్చు. మందలించడానికి సరిపోతుంది. ముద్దు చేయడానికి, కథ చెప్పడానికి, ‘అప్పుడు నీకు ఏడుపొచ్చిందా?’ అని అడగడానికి సరిపోతుందా? పాప ఎదగాల్సింది ఆ మాటల మీదే. ఎందుకు, ఎలా, అయితే, కానీ... ఇవి మీ భాషలో గట్టిపడితే బడి భాషలోకీ వెళ్తాయి. మొదటి చదువు తల్లిభాషలో ఉండాలని యునెస్కో 1953లోనే చెప్పింది. ఇంగ్లీషు స్కూల్లో ఎలాగూ రోజంతా ఉంది. అది చెప్పడానికి టీచర్ ఉన్నారు. తెలుగుకి మీరే ఉన్నారు.

కాలర్ 4: మరి తెలుగు ఎలాగూ వస్తుంది కదా, ఇంట్లో మేం మాట్లాడుకునేది అదే...

థెరపిస్ట్: అందరూ అదే అనుకుంటారు. బెల్జియంలో దాదాపు 1,900 కుటుంబాలను అడిగారు. ఇంట్లో బడిభాష కాని భాష వినే పిల్లల్లో నలుగురికి ఒకరు దాన్ని మాట్లాడటమే లేదు. ఇంట్లో ఉన్నంత మాత్రాన రాదమ్మా. పాప ఇంగ్లీషులో చెబితే ఇంగ్లీషులో వినండి, మీరు తెలుగులో బదులివ్వండి. ముందు చెప్పనివ్వండి.

కాలర్ 4: సరే మేడమ్. (కాసేపాగి) థాంక్స్ అండీ.

వ్యాఖ్యాత: ఒక మెసేజ్ వచ్చింది. రెండు భాషల వల్ల నత్తి వస్తుందా?

థెరపిస్ట్: రాదు. రెండున్నర, మూడేళ్లప్పుడు చాలామంది పిల్లలు తడబడతారు, ఒక భాష ఉన్నా. ఆరు నెలలు దాటినా ఉంటే, లేదా మాట్లాడటానికి భయపడుతుంటే చూపించండి.

వ్యాఖ్యాత: మన తాతగారు మళ్లీ లైన్లోకి వచ్చారు. చెప్పండి, ఇందాక ఏదో అడగబోయారు.

కాలర్ 2: ఏం లేదమ్మా. వీడియో కాల్‌లో ‘ఏం చేస్తున్నావ్’ అంటాను. ‘ప్లేయింగ్’ అంటుంది. ‘అన్నం తిన్నావా’ అంటాను. తలూపుతుంది. ఆ తర్వాత ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటాం. ఏం మాట్లాడాలో నాకే తెలియట్లేదు.

థెరపిస్ట్: ప్రశ్నలు మానేయండి తాతగారూ. ఏదైనా వస్తువు దాచండి. మీ కళ్లజోడు ఉందిగా? దాన్ని నెత్తిన పెట్టుకుని ‘అయ్యో, నా కళ్లజోడు ఏదీ? మంచం కింద ఉందా? తలుపు వెనక ఉందా?’ అని వెతకండి.

కాలర్ 2: (నవ్వు) అది నేను నిజంగానే రోజూ చేస్తానమ్మా.

థెరపిస్ట్: ఇంకేం! ‘హెడ్’ అని అరిస్తే ‘నెత్తిన ఉందా?’ అనండి, తీసి చూపించండి. మర్నాడు మళ్లీ అదే. పిల్లలకు విసుగురాదు, మీకు రాకుండా ఉంటే చాలు.

కాలర్ 2: సరేనమ్మా. ఉంటాను మరి. వాళ్లు నిద్ర లేచే వేళైంది.