గర్భసంచి తీయించుకునే ముందు ఒక్క నిమిషం

(మండల మహిళా సమాఖ్య సమావేశంలో ఒక స్త్రీవైద్య నిపుణురాలి ప్రసంగ పాఠం)

సమాఖ్య అక్కచెల్లెళ్ళందరికీ నమస్కారం.

ఇక్కడ ఎంతమందికి గర్భసంచి ఆపరేషన్ అయిందో నేను అడగను. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. మీ వరుసలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు.

పోయిన మిరప కోతలప్పుడు ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది. 32 ఏళ్ళు. తెల్లబట్ట అవుతోందని చూపించుకుంటే, "వదిలేస్తే క్యాన్సరవుతుంది, గర్భసంచి తీసేయాలి" అన్నారట. అప్పు కూడా మాట్లాడుకుని వచ్చింది. "లోపల ఎవరైనా చూశారామ్మా?" అని అడిగాను. చూడలేదు. పొట్టమీద స్కానింగ్ తీశారు, అంతే. నేను పరీక్ష చేశాను. ఉన్నది ఇన్ఫెక్షన్. మాత్రలతో తగ్గిపోయింది.

ఆ పరీక్ష ఏంటో చెప్తాను. బల్లమీద పడుకోబెట్టి చిన్న పరికరంతో గర్భసంచి మూతి కనపడేలా చేస్తాం. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే పలచగా కలిపి, దూదితో అద్దుతాం. కాస్త చురుక్కుమంటుంది. ఒక్క నిమిషం ఆగి లైటు వేసి చూస్తాం. బాగున్న చోట గులాబీ రంగు అలాగే ఉంటుంది, తేడా ఉన్నచోట తెల్లటి మచ్చ తేలుతుంది. మచ్చ కనిపించగానే క్యాన్సరని ఏడవొద్దు. అలాంటి తేడా క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా పదేళ్ళ పైనే పడుతుంది, చాలామందిలో అసలు ముదరదు. ఆ కాస్త చోటునే వేడితో కాల్చేయొచ్చు. గర్భసంచి జోలికి పోనక్కర్లేదు.

దీనికి పెద్ద డాక్టరే ఉండాలని లేదు. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి, దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్ళతో అధ్యయనం చేశారు. పదో తరగతి చదివిన అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి, సగం వాడల్లో రెండేళ్ళకోసారి ఈ పరీక్షే చేయించారు. మిగతా వాడలతో పోలిస్తే, ఆ వాడల్లో గర్భసంచి మూతి క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి.

30 నుంచి 65 ఏళ్ళ వాళ్ళకి అయిదేళ్ళకోసారి చేయాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో చూస్తే, 30–49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ కోసం ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. కత్తి మన ఊరిదాకా వచ్చింది, దూది రాలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

"ఆరోగ్యశ్రీ కార్డుందిగా" అంటారు. ఆపరేషన్‌కి, కీమోకి, రేడియేషన్‌కి కార్డు అక్కరకొస్తుంది, నిజమే. కానీ అవన్నీ జబ్బు పడ్డాక. సర్కారు ఆసుపత్రిలో ఈ పరీక్ష ఉచితమే, కానీ ఆ రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు మీదే. అంత దూరం వచ్చాక "సిస్టర్ లేదు, గురువారం రండి" అంటే రెండోసారి ఎవరొస్తారు? అందుకే ఒంటరిగా రావొద్దు. పదిమంది కలిసి ఒకే ఆటోలో రండి. ముందురోజే ఏఎన్ఎమ్మమ్మకి ఫోన్ చేయండి: గది ఉందా, తలుపుకి గడియ ఉందా, సిస్టర్ ఉంటుందా? ఫలితం అప్పుడే చెప్పమనండి. అది మీ హక్కు.

మీటింగ్ అయ్యాక బయట బల్ల దగ్గర పేర్లు రాసుకుంటాం. ముట్టులో ఉన్నవాళ్ళు అది ఆగాక వచ్చే తేదీ వేయించుకోండి. గర్భసంచి లేనివాళ్ళు కూడా రండమ్మా. రొమ్ము పరీక్ష, నోటి పరీక్ష మీకూ ఉన్నాయి.