టైమ్‌లైన్ గడప దాటితే

అందరికీ నమస్కారం.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాట ఎత్తగానే "ఏది మంచిది?" అనే ప్రశ్న వస్తుంది. అవిడ్, ప్రీమియర్, రిజాల్వ్, ఫైనల్ కట్, ఏది తీసుకున్నా షాట్ కోయొచ్చు, అతికించొచ్చు. దాని సత్తా తెలిసేది టైమ్‌లైన్ (షాట్లను వరుసగా పేర్చిన ఎడిట్) ఎడిట్ రూమ్ గడప దాటి డీఐకి (రంగులు సరిదిద్ది తుది బొమ్మ తయారుచేసే చోటుకి), సీజీకి (గ్రాఫిక్స్‌కి), సౌండ్‌కి వెళ్లినప్పుడే. అక్కడ వచ్చే తంటాల్లో చాలా వరకు మొదటిరోజు మనం చేసినవే.

ముందు ఫ్రేమ్ రేటు. థియేటర్‌కి వెళ్లే సినిమా సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములు. కెమెరాలో మాత్రం ఎవరో 23.976 పెట్టి వదిలేస్తారు. తేడా వెయ్యిలో ఒక వంతే కదా అనిపిస్తుంది. గంటకు అది 3.6 సెకన్లు, 20 నిమిషాల రీల్‌కు (సినిమాలో ఒక భాగానికి) 1.2 సెకన్లు, అంటే దాదాపు 29 ఫ్రేములు. పెదాలకీ మాటకీ పొంతన ఉండదు. కాబట్టి మొదటి క్లిప్ లోపలికి లాగకముందే ప్రాజెక్ట్ సెట్టింగ్ చూసుకోండి. ఫోన్‌తో తీసిన షాట్లుంటే వాటి ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. వాటిని స్థిరమైన రేటుకు కన్వర్ట్ చేశాకే వాడండి.

తర్వాత ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ తేలిగ్గా సాగడానికి ఒరిజినల్ ఫైళ్ల నుంచి చేసుకునే తేలికపాటి కాపీలు. చాలా కెమెరాలు రాసే హెచ్.265 అనే బాగా కుదించిన ఫైల్‌లో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి. ఒక్క ఫ్రేమ్ చూపించడానికి కంప్యూటర్ అటూ ఇటూ ఉన్నవి కూడా విప్పాలి. ఎడిటింగ్‌కు వాడే ప్రోరెస్ ఫార్మాట్‌లో ఏ ఫ్రేముకా ఫ్రేమే. 1080లో ప్రోరెస్ ప్రాక్సీ 24 ఫ్రేములకు సెకనుకు 36 మెగాబిట్లు, గంటకు 16 జీబీ. ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది.

ప్రాక్సీలో మూడు విషయాలు ఒరిజినల్‌తో కలవాలి: పేరు, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే గంట:నిమిషం:సెకను:ఫ్రేమ్ నంబర్), ఆడియో ఛానళ్ల సంఖ్య. మూడోది చాలామంది మర్చిపోతారు. ఒరిజినల్‌లో నాలుగు ఛానళ్లుండి ప్రాక్సీలో రెండే ఉంటే ప్రీమియర్ దాన్ని అటాచ్ చేసుకోదు. ఇక పేరు. చిన్న కెమెరాలు ప్రతి కార్డునూ మళ్లీ సీ0001 నుంచే మొదలుపెట్టొచ్చు. ఒకే పేరున్న రెండు క్లిప్పుల్లో ఏది తెచ్చుకోవాలో డీఐలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, దొరికిందే తగిలించేస్తుంది. కెమెరాలోనే పేరు ముందక్షరాలు మార్చుకునే వీలుంటే అక్కడే మార్చండి. లేదంటే ప్రాక్సీలు చేయకముందే మార్చాలి. ఆరీ, రెడ్ కెమెరాల ఫైళ్లలో రీల్, క్లిప్ నంబర్లు పేరులోనే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు ఎడిట్ లాక్ అయిందనుకుందాం, అంటే ఇక కట్లు మారవన్నమాట. ("ఫైనల్", "ఫైనల్2", "ఫైనల్ లాస్ట్" అనే మూడు సీక్వెన్సులు ఉన్నాయంటే ఇంకా లాక్ కానట్టే!) సీక్వెన్స్‌కు కాపీ తీసి, ఆ కాపీలోనే పని చేయండి. మల్టీక్యామ్‌ను (ఒకే క్లిప్‌గా కట్టిన పలు కెమెరాల షాట్లను) ఫ్లాటెన్ చేసి ఎంచుకున్న కెమెరా షాటే మిగల్చాలి, నెస్టులు (సీక్వెన్స్‌లో దాగిన సీక్వెన్సులు) విప్పాలి, ఐదు ట్రాకుల్లో చెదిరిన షాట్లను వీలైనంత వరకు అన్నిటికన్నా కింది వీడియో ట్రాక్ వీ1కి దించాలి. టైటిల్స్ వేరే ట్రాక్. ఆపై ఎక్స్ఎంఎల్ (ఏ షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేరే సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఫైల్), దానితోపాటు టైమ్‌కోడ్ తెరమీద కనిపించే రిఫరెన్స్ వీడియో.

ఎక్స్ఎంఎల్ అన్నీ మోసుకెళ్లదు. కట్లు, డిజాల్వులు, మామూలు జూమ్ వెళతాయి. స్పీడ్ ర్యాంపులు (షాట్ మధ్యలో వేగం మారడం), స్టెబిలైజేషన్ (షాట్‌లో వణుకు తీసేయడం), బయట కొన్న ట్రాన్సిషన్లను నమ్మలేం. ప్రీమియర్‌లో "స్కేల్ టు ఫ్రేమ్ సైజ్" వాడితే స్కేల్ విలువ 100గానే ఉండిపోయి, అవతల ఫ్రేమింగ్ మారిపోతుంది. "సెట్ టు ఫ్రేమ్ సైజ్" అసలు విలువను రాస్తుంది, అదే వాడండి.

రిజాల్వ్‌లో తెరిచాక కళ్లతో పోల్చితే చాలదు. రిఫరెన్స్ వీడియోను పై ట్రాక్‌లో పెట్టి కాంపోజిట్ మోడ్‌ను డిఫరెన్స్‌కు మార్చండి, అప్పుడు రెండు బొమ్మల మధ్య తేడా మాత్రమే కనిపిస్తుంది. షాట్ సరిగ్గా కూర్చుంటే తెర దాదాపు నల్లగా ఉంటుంది. మనిషి భుజం చుట్టూ సన్నని గీత మెరిసిందంటే ఒక ఫ్రేమో రెండో జరిగినట్టు. కదలికలేని షాట్‌లో ఈ తేడా దొరకదు కాబట్టి అక్కడ టైమ్‌కోడ్ చదవాల్సిందే. స్పీడ్ ర్యాంపు షాట్లలో ఆ గీత తరచూ కనిపిస్తుంది. వాటి జాబితా ముందే రాసిస్తే డీఐ వాళ్లు మిమ్మల్ని తలుచుకుంటారు, మంచిగానే!

సీజీకి షాట్ పంపేటప్పుడు 16-బిట్ ఈఎక్స్ఆర్ ఫ్రేములు (ఒక్కో ఫ్రేమ్ ఒక్కో బొమ్మ ఫైల్‌గా), రెండువైపులా ఎనిమిదేసి ఫ్రేముల హ్యాండిల్ (కట్‌కు అవతల ఉంచే అదనపు ఫ్రేములు) ఇవ్వడం ఒక అలవాటు. నంబర్ 1001తో మొదలైతే అసలు షాట్ 1009లో మొదలవుతుంది. అందరికీ అదే లెక్క ఉండాలి.

సౌండ్‌కి ఏఏఎఫ్ (ఆడియో ట్రాకులను, కట్లను సౌండ్ సాఫ్ట్‌వేర్‌కు మోసుకెళ్లే ఫైల్): 48 కిలోహెర్ట్జ్, 24-బిట్, ప్రతి ముక్కకూ అటూ ఇటూ కనీసం 48 ఫ్రేముల హ్యాండిల్. హ్యాండిల్ లేకపోతే మిక్సింగ్ ఇంజినీర్‌కు ఫేడ్ చేయడానికి శబ్దమే మిగలదు. డైలాగ్, ఎఫెక్ట్స్, మ్యూజిక్ ట్రాకులు కలగాపులగం చేయకండి. మొదటి రీల్ బొమ్మ 01:00:00:00 దగ్గర మొదలైతే, 00:59:58:00 దగ్గర ఒక్క ఫ్రేమ్ పొడవు 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టాలి. దాన్నే టూ-పాప్ అంటారు, బొమ్మా శబ్దమూ కలిశాయో లేదో చూసుకునే గుర్తు అది. రెండో రీల్‌కు అదే లెక్క రెండో గంటలో.

మిక్సింగ్ అయ్యాక సెన్సార్ కట్ పడితే, తీసింది 12 ఫ్రేములే అయినా టైమ్‌కోడ్‌తో చేంజ్ లిస్ట్ (ఏం మారిందో చెప్పే జాబితా) డీఐకీ సౌండ్‌కీ ఒకేసారి వెళ్లాలి. ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే ఆ కట్ నుంచి రీల్ చివరిదాకా అర సెకను తేడా.

పంపేముందు ఆ ఏఏఎఫ్‌ను మన డ్రైవ్ తగిలించని వేరే కంప్యూటర్‌లో తెరవండి. మన మెషీన్‌లో తెరుచుకోవడం లెక్కలోకి రాదు, అక్కడ మీడియా ఎలాగూ ఉంటుంది. ఇప్పుడు ఒక రీల్‌ను అలాగే తెరిచి చూపిస్తాను, ముందు పాప్ ఎక్కడ పడిందో చూద్దాం.